గెంగ్ మేస్త్రీ ఎదురుచెక్క

టేబుల్ టెన్నిస్ ఆటకు కనీసం ఇద్దరు మనుషులు కావాలన్న సంగతి లోకమంతా ఒప్పుకుంది. గెంగ్ షౌతియెన్ మేస్త్రీ ఒక్కడే ఒప్పుకోలేదు. ఆయన లెక్కలో ఆటకు ఒక్క మనిషి చాలు. రెండోవాడు ఆటకు పట్టిన చీడ. అందుకని పదకొండేళ్ళపాటు, మూడో నంబరు ఎనామెల్ ఫ్యాక్టరీ ఆటలగదిలో, పొద్దున షిఫ్టుకు ముందొక గంట, సాయంత్రం షిఫ్టు దిగాక ఒక గంట, ఆయన ఒక చెక్కతో ఆడాడు. చెక్క బ్యాటుతో ఆడాడని కాదు, బ్యాటు అందరికీ చెక్కదే. ఆయనకు ఎదుటివాడు కూడా చెక్కే.

ఈ మహత్కార్యాన్ని పదకొండేళ్ళూ దగ్గరుండి చూసే భాగ్యం క్వాంగ్ యూఫెన్‌కు పట్టింది. ఆమె ఫ్యాక్టరీ కార్మిక సంఘంలో ఆటల కార్యదర్శి. గెంగ్ మేస్త్రీ మీద తనకున్న అభిప్రాయాన్ని సంఘం మినిట్స్ పుస్తకంలో రాయడానికి వీల్లేదు కనక, ఆమె దాన్ని రోజూ నోటితోనే, పది మందికీ వినపడేలా చెబుతుండేది.

ముందు ఆ చెక్క సంగతి చెప్పాలి. తలుపంత వెడల్పు, నడుమంత ఎత్తు. ఒక పాత సగం టేబుల్ అంచున దాన్ని నిలబెట్టి, కాస్త వెనక్కి వాల్చాడు. బంతి కొడితే తిరిగి ఇస్తుంది కాబట్టి అందరూ దాన్ని ఎదురుచెక్క అనేవాళ్ళు. దాని ఒంటి నిండా రబ్బరు అతుకులు. ఫ్యాక్టరీలో ఎవరి బ్యాటు రబ్బరు అరిగిపోయి పారేసినా, మేస్త్రీ దాన్ని ఏరుకొచ్చి, చర్మం ఒలిచినట్టు ఒలిచి, జిగురు పూసి చెక్కకు అంటించేవాడు. అలా నలభై రెండు బ్యాట్ల తోళ్ళు. ఒకటి ఎర్రది, ఒకటి మాసినది, ఒకటి ఎలుక రుచి చూసి వదిలేసినది. దూరం నుంచి చూస్తే అది మతి చెడిన దర్జీ కుట్టిన బొంతలా ఉండేది. దగ్గర నుంచి చూసినా అలాగే ఉండేది.

ప్రతి అతుకు ఎవరిదో ఆయనకు కంఠతా వచ్చు.

"ఇవాళ నిన్ను చితక్కొట్టాను జాయ్," అన్నాడొకసారి, క్యాంటీన్ వరసలో ముందు నిలబడ్డ అకౌంటెంటుతో.

"ఇవాళ నేను ఆటలగదికే రాలేదు కదా మేస్త్రీ?"

"నువ్వు రాకపోతేనేం, నీ తోలు ఉంది. ఎడం చేతి వైపు బంతి వస్తే ఎప్పట్లాగే ఒణికింది."

జాయ్ ఆ రోజు అన్నం సగమే తిన్నాడు. తన చర్మం గురించి తన ముందే అలా మాట్లాడితే ఎవరికి సయిస్తుంది?

మేస్త్రీ ఉద్యోగం కూడా ఆయన స్వభావానికి తగ్గట్టే దొరికింది. కొలిమి నుంచి వచ్చిన ఎనామెల్ బేసిన్లను వేలి కణుపుతో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, పనికొస్తుందో రాదో తేల్చడం. తట్టేవాడు, వినేవాడు, మొహం చిట్లించేవాడు. "దీని మీద పూసిన పూలు బాగున్నాయి. బేసినే బాగా లేదు," అనేవాడు. మనుషుల్ని కూడా అంతే. కొత్తగా చేరిన వాళ్ళను తట్టి చూడడం ఒక్కటే తక్కువ.

"మనిషితో ఎందుకు ఆడవు మేస్త్రీ?" అని అడిగితే జవాబు సిద్ధంగా ఉండేది.

"మనిషి బంతిని ఇవ్వడు. వదిలించుకుంటాడు. చెక్క ఇస్తుంది."

"పదకొండేళ్ళుగా ఆడుతున్నావు గదా, ఎన్నిసార్లు గెలిచావు?"

"ఒక్కసారీ ఓడలేదు."

"గెలుపు సంగతి అడిగాను."

"చెక్కా ఓడలేదు. మేమిద్దరం ఒకరి మర్యాద ఒకరం కాపాడుకుంటున్నాం."

ఇదంతా వేరే ఊళ్ళో అయితే చెల్లిపోయేదేమో. యాంగ్సీ నది ఒడ్డున ఆ ఊళ్ళో చెల్లదు. అక్కడ పిల్లలు ముందు బ్యాటు పట్టి, ఆ తర్వాత చాప్‌స్టిక్స్ పడతారు. వీధి మలుపుల్లో సిమెంటు టేబుళ్ళు, వాటి మధ్య నెట్టుకు బదులు వరసగా ఇటుకలు. పెళ్ళిచూపుల్లో కూడా అబ్బాయి జీతం అడగడానికి ముందు, బంతిని ఎలా తిప్పుతాడని అడిగేవాళ్ళు. అలాంటి ఊళ్ళో నాలుగు వందల మంది పనివాళ్ళున్న ఫ్యాక్టరీకి ఉన్నది ఒకే ఒక్క టేబుల్. గెలిచినవాడు నిలబడాలి, ఓడినవాడు దిగి మళ్ళీ వరస చివరికి పోవాలి. ఆ వరస ఆటలగది దాటి, నీళ్ళ బాయిలర్ దాటి, సైకిళ్ళ షెడ్డు దాకా పోయేది. రెండో టేబుల్‌కు గదిలో చోటు లేదా అంటే, ఉంది. ఆ చోట్లో చెక్క ఉంది.

"ఒక్క మనిషి పిచ్చి కోసం నాలుగు వందల మంది నిలబడాలా?" అని క్వాంగ్ యూఫెన్ సంఘం మీటింగులో ఏటా ఒకసారి అడిగేది. ఏటా ఒకసారి అందరూ తలూపేవాళ్ళు. మర్నాడు పొద్దున ఆరింటికి మళ్ళీ టక్, టక్, టక్.

రెండేళ్ళ కిందట ఈ పిచ్చి మరో మెట్టు ఎక్కింది. మేస్త్రీ చెక్క మీద ఎడం పక్కన, బాగా కిందికి, అన్నం గిన్నె మూతంత వలయం సుద్దతో గీశాడు. ఇక బంతి అంతా ఆ వలయంలోకే. వేగం లేదు, మెలిక లేదు. తొట్టిలో పిల్లకు బొమ్మ అందించినట్టు మెత్తగా, ఒకే చోటికి, రోజుకు వెయ్యి సార్లు. అంతకు ముందు కనీసం చూడ్డానికి బాగుండేది. ఇప్పుడు అదీ పోయింది.

"మా అమ్మమ్మ కూడా అక్కడికి వెయ్యగలదు," అన్నాడు లారీ డ్రైవర్ హౌ.

"మీ అమ్మమ్మ వెయ్యి సార్లు వేస్తుందా?" అన్నాడు మేస్త్రీ, వెనక్కి తిరగకుండా.

"ఆవిడ పోయి ఆరేళ్ళయింది."

"అయితే నన్ను అను. ఆవిడని ఎందుకు లాగుతావు?"

క్వాంగ్ యూఫెన్ కోపానికి ఇంకో కారణం కూడా ఉంది. దాన్ని ఆమె ఎవరికీ చెప్పేది కాదు. ఆమె భర్త లియాన్ దహాయ్ ఎనిమిదేళ్ళు వరసగా ఆ ఫ్యాక్టరీ చాంపియన్. కొలిమి దగ్గర పనిచేసే బలశాలి. ఆయన కొట్టిన బంతికి ఎదుటివాడు బ్యాటు అడ్డం పెట్టకుండా మొహం తిప్పుకునేవాడు. మూడేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యి కొయ్యబారింది. ఉద్యోగం మానేశాడు. ఆటలగది వైపు చూడడం కూడా మానేశాడు. "ఆ గది పేరు ఎత్తితే పళ్ళెం విసిరేస్తా," అన్నాడొకసారి. విసరబోయాడు కూడా. చెయ్యి లేవలేదు. అప్పట్నించి ఆ ఇంట్లో ఎవరూ ఆ పేరు ఎత్తలేదు. అంత ఆటగాడు ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుంటే, ఈ గెంగ్ రెండు నిక్షేపమైన చేతులు పెట్టుకుని చెక్కకు సుద్ద పూస్తున్నాడు. దేవుడికి పంపకం తెలియదనడానికి ఆమెకు ఇంతకంటే రుజువు అక్కర్లేకపోయింది.

లియాన్ విషయంలో ఒక్కటే ఊరట. వారానికోసారి, గురువారం మధ్యాహ్నం, సూదుల డాక్టరు దగ్గరికి వెళ్ళేవాడు. ఆ వైద్యం పనిచేస్తోంది. మొదటి ఏడాది చొక్కా గుండీలు ఆమే పెట్టేది. రెండో ఏడాది కిందివి రెండూ ఆయనే పెట్టుకున్నాడు. ఇప్పుడు మెడ దగ్గరిది ఒక్కటే మిగిలింది. ఆమె ఆ డాక్టరును చూడలేదు గాని, కృతజ్ఞతగా వారం వారం ఉప్పులో ఊరేసిన బాతుగుడ్లు ఆరు పొట్లం కట్టి పంపేది. గురువారం మధ్యాహ్నం ఆమెకు స్వయంగా వెళ్ళడానికి కుదరదు. ఆ పూట ఫ్యాక్టరీ అంతా రాజకీయ పాఠం కింద హాల్లో కూర్చుని పేపర్లో సంపాదకీయాలు గట్టిగా చదివించుకుంటుంది, ఆడవాళ్ళు స్వెటర్లు అల్లుతారు, మగవాళ్ళు కళ్ళు మూసుకుని ఆలోచిస్తారు. హాజరు వేసేది క్వాంగ్ యూఫెనే. గైర్హాజరుకు అనుమతి ఉన్నది ఒక్క గెంగ్ మేస్త్రీకి. చెవుల్లో హోరు అని ఆస్పత్రి కాగితం తెచ్చుకున్నాడు. బేసిన్ల చప్పుడు విని బతికే మనిషికి చెవుల్లో హోరేమిటని ఆమెకు అనుమానం వచ్చింది. కాని ముద్ర ముద్రే.

ఆ ఏడాది, అంటే ఎనభై ఐదులో, జిల్లా ఫ్యాక్టరీల కప్పు ఫైనల్‌కు వాళ్ళ జట్టు చేరింది. అవతలివాళ్ళు థర్మాస్ ఫ్యాక్టరీ. నాలుగేళ్ళుగా కప్పు వాళ్ళ దగ్గరే ఉంది. జట్టుకు ముగ్గురు, రెండు మ్యాచులు ఎవరు ముందు గెలిస్తే వాళ్ళది కప్పు. ఫైనల్‌కు రెండు రోజుల ముందు జట్టులో ఒకడైన డ్రైవర్ హౌ లారీ స్టార్టు చెయ్యడానికి ముందుకు పోయి హ్యాండిల్ తిప్పాడు. అది వెనక్కి తన్నింది. మణికట్టు విరిగింది.

జట్టు పేర్లు మార్చడానికి గడువు అయిపోయింది. జాబితాలో నాలుగో పేరు ఒక్కటే ఉంది. ఖాళీ గడి బాగుండదని క్వాంగ్ యూఫెన్ స్వయంగా రాసిన పేరు. ఎప్పటికీ అవసరం రాదన్న ధైర్యంతో రాసిన పేరు.

"ఆడను," అన్నాడు గెంగ్ మేస్త్రీ.

"మేస్త్రీ, ఇది ఫ్యాక్టరీ పరువు."

"పరువు గలవాళ్ళని అడగండి."

"నువ్వు ఆడకపోతే రేపే చెక్క తీసి కొలిమిలో వేయిస్తా. కమిటీ ఎప్పుడో తీర్మానించింది, నేనే జాలిపడి ఆపాను."

మేస్త్రీ మొదటిసారి బంతి ఆపాడు. చెక్క వైపు చూశాడు. "ఆడితే?"

"ఆడి గెలిస్తే చెక్క జోలికి ఎవరూ రారు. నేను రిటైరయ్యేదాకా మాటిస్తున్నా. ఓడితే మాత్రం చెక్క పోతుంది, టేబుల్ వస్తుంది."

"ఇంత మందిలో నేనే దొరికానా?"

"దొరకడం కాదు మేస్త్రీ. మిగిలావు."

ఆదివారం. హాలు కిటకిట. మొదటి మ్యాచు అకౌంటెంటు జాయ్ గెలిచాడు, రెండోది వాళ్ళు గెలిచారు. కప్పు మూడో మ్యాచు మీద, అంటే గెంగ్ మేస్త్రీ మీద నిలబడింది. ఎదుట థర్మాస్ ఫ్యాక్టరీ కాంటా గుమాస్తా ఫెయ్, నూరు కిలోల మనిషి, వాళ్ళ జట్టులో అందరికంటే అధ్వాన్నం. ఆ అదృష్టానికి క్వాంగ్ యూఫెన్ లోలోపలే మొక్కుకుంది.

మేస్త్రీ వచ్చి ముందు ఫెయ్‌ని పై నుంచి కిందికి చూశాడు. తర్వాత అంపైర్ వైపు తిరిగాడు.

"ఈయన మరీ నిటారుగా ఉన్నాడు. కొంచెం వెనక్కి వాల్చండి."

"అలా వాల్చడం నియమాల్లో లేదు," అన్నాడు అంపైర్.

ఆట మొదలైంది. మొదటి పది నిమిషాలకే హాలంతటికీ ఒక సంగతి అర్థమైంది: గెంగ్ మేస్త్రీ బంతి వదలడు. ఎక్కడికి కొట్టినా, ఎలా కొట్టినా, తిరిగి ఇస్తాడు. పదకొండేళ్ళ సాధన ఊరికే పోతుందా? ఇంకో పది నిమిషాలకు ఇంకో సంగతి అర్థమైంది. ఇచ్చిన ప్రతి బంతీ నేరుగా ఫెయ్ బ్యాటు మధ్యలోకే ఇస్తాడు. ఫెయ్ బ్యాటు ఎత్తితే ఎత్తుకి, దించితే కిందికి, పక్కకు పెడితే పక్కకు. ఒక్కో పాయింటుకు యాభై, అరవై దెబ్బలు. జనం లెక్కపెట్టడం మొదలుపెట్టి గొంతులు పోగొట్టుకున్నారు. ఫెయ్ మొహం వెలిగిపోతోంది. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఇంత గొప్పగా ఆడలేదు.

"పక్కకి కొట్టు మేస్త్రీ! ఖాళీలోకి కొట్టు!" అని ఈ పక్కవాళ్ళు అరిచారు.

"చెవుల్లో హోరట," అన్నాడు కట్టుతో ఉన్న హౌ. "పాపం, వినపడదు."

చెరొక గేమ్ అయ్యాక మూడో గేమ్ ఇరవై–ఇరవై దగ్గర నిలిచింది, ఇక రెండు పాయింట్ల తేడా వస్తేనే గెలుపు. ఫెయ్‌కి ఒకటి వచ్చింది. ఇరవై ఒకటి. ఆ తర్వాతి పాయింటులో, డెబ్భయ్యో దెబ్బకు, ఫెయ్ చెమటలో జారి ఎడం మూల కూలబడ్డాడు. కూలబడుతూ కొట్టిన బంతి గాల్లోకి లేచి, నిదానంగా, పండులా మేస్త్రీ ముందు దిగింది. అవతల టేబుల్ మొత్తం ఖాళీ. ఎటు తట్టినా పాయింటే. హాలంతా లేచి నిలబడింది. క్వాంగ్ యూఫెన్ కుర్చీ ఎక్కింది.

మేస్త్రీ చెయ్యి ఎత్తాడు. ఫెయ్ ఎక్కడున్నాడో వెతికాడు. టేబుల్ అంచున, కింద కూర్చున్న మనిషి చెయ్యి ఒకటి, దాంట్లో బ్యాటు ఒకటి పైకి కనపడుతోంది. మేస్త్రీ ఎంతో జాగ్రత్తగా, బంతిని ఆ బ్యాటు మీదికి అందించాడు. అది బ్యాటుకు తగిలి, వెనక్కి వచ్చి, నెట్టు మీద కాసేపు ఆలోచించి, ఈవైపు పడి చచ్చింది.

ఇరవై రెండు–ఇరవై. కప్పు థర్మాస్ ఫ్యాక్టరీది, వరసగా ఐదో ఏడు.

ఫెయ్ లేచి, కన్నీళ్ళతో గెంగ్ మేస్త్రీని కావలించుకున్నాడు. "అన్నా, నేనింత బాగా ఆడగలనని నాకే తెలీదు! మళ్ళీ ఎప్పుడు ఆడదాం?"

"వదులు," అన్నాడు మేస్త్రీ. "చెమట."

క్వాంగ్ యూఫెన్ కుర్చీ దిగి వచ్చింది. ఆమె గొంతు చల్లగా ఉంది. అది మంచి సూచన కాదు. "మేస్త్రీ. అటు వైపంతా ఖాళీ ఉంది."

"చూశాను."

"మరి?"

"అక్కడ ఎవరూ లేరు గదా," అన్నాడాయన, ఎదురు ఆశ్చర్యపోతూ. "ఎవరూ లేని చోటికి బంతి ఎలా వేస్తాను?"

ఆమె పద్దెనిమిదేళ్ళుగా కార్యదర్శి. తాగుబోతుల్ని, సోమరుల్ని, మీటింగులో గురక పెట్టే డైరెక్టర్లని చూసింది. ఇంతటి దద్దమ్మను చూడలేదని, ఆ మాట అక్కడే, అంత మంది ముందే చెప్పింది. మేస్త్రీ తల ఊపాడు. బేసిన్‌ను తట్టి విన్నట్టు విన్నాడు.

గురువారం మధ్యాహ్నం. హాల్లో సంపాదకీయం మూడో కాలమ్‌లోకి వచ్చేసరికి క్వాంగ్ యూఫెన్ హాజరు పుస్తకం పక్కవాళ్ళకిచ్చి, వడ్రంగి దగ్గర సుత్తి, స్క్రూడ్రైవరు అరువు తెచ్చుకుని ఆటలగదికి బయల్దేరింది. పందెం పందెమే. చెక్కను తన చేత్తోనే ఊడదీయాలని ఆమె కోరిక. నలుగురు చూస్తుండగా అయితే అంత తృప్తిగా ఉండదు.

గది తలుపు లోపల గడియ. లోపల బంతి చప్పుడు. కాని అది పదకొండేళ్ళుగా ఆమె చెవులు అరిగేలా విన్న చప్పుడు కాదు. టక్–టొక్. టక్–టొక్. ఇద్దరి చప్పుడు. ఆమె చుట్టూ తిరిగి పక్క కిటికీ దగ్గరికి పోయింది.

లోపల పెద్ద టేబుల్‌కు ఈ చివర గెంగ్. ఆ చివర, కుడి చేతిలో బ్యాటు పట్టుకుని, ఆమె మొగుడు.

"ఇదేం ఆటరా గెంగ్?" లియాన్ దహాయ్ కేకలు వేస్తున్నాడు. అంత గట్టి గొంతు ఆమె మూడేళ్ళుగా వినలేదు. "చెక్కతో ఆడి ఆడి చెక్కవయ్యావు! ఆ కాళ్ళు కదుపు! పందొమ్మిది–ఇరవై. చూసుకో, నాదే సర్వు."

లియాన్ చెయ్యి భుజం నుంచి కదలదు. మోచేతి నుంచి ఒక జానెడు అటూ ఇటూ, మరో జానెడు పైకి, అంతే. గెంగ్ మేస్త్రీ పంపిన ప్రతి బంతీ ఆ జానెడు చోట్లోకే పోయింది. ఒక్కటీ తప్పలేదు. మరీ చేతికిచ్చినట్టు కాదు, కాస్త చాచితేనే అందేంత దూరంలో, ఇంతకు ముందు అందినదానికి ఒక్క వేలు అవతల. లియాన్ పళ్ళు బిగించి చాచాడు. బంతి తగిలింది. మేస్త్రీ ఈసారి దాన్ని అందుకోలేకపోయాడు. అందుకోలేకపోవడంలో ఆయనకు బొత్తిగా అనుభవం లేదు; చాలా అసహజంగా, పడవలోంచి పడబోయేవాడిలా చేతులు ఊపి వదిలేశాడు.

"ఇరవై ఒకటి!" లియాన్ బ్యాటు టేబుల్ మీద కొట్టాడు. "గుండు కొట్టేవాణ్ణే, ఒక్క పాయింటూ రానిచ్చేవాణ్ణి కాదు. మొన్న కప్పులో అంత పరువు పోగొట్టుకొచ్చావని, పోనీలే పాపం అని వదిలేశా."

"నీ దయ," అన్నాడు మేస్త్రీ.

"దయే మరి. ఈ ఫ్యాక్టరీలో నీతో ఆడే మనిషి ఇంకొకడున్నాడా? నేను వారానికోసారి రాకపోతే నీ గతేం గానూ?"

"నిజమే."

లియాన్ వెనక తలుపులోంచి సందులోకి వెళ్ళిపోయాడు, కూనిరాగం తీస్తూ. క్వాంగ్ యూఫెన్ సుత్తి పట్టుకుని ముందు తలుపు తట్టింది. గెంగ్ మేస్త్రీ గడియ తీసి, ఆమెను, సుత్తిని వరసగా చూసి, పక్కకు తప్పుకున్నాడు.

ఆమె చెక్క దగ్గరికి నడిచింది. ఊడదీయాలంటే దగ్గరగా చూడాలి గదా. అంత దగ్గరగా పదకొండేళ్ళలో ఆమె ఎప్పుడూ చూడలేదు. సుద్ద వలయం ఇప్పుడు ఎడం పక్కన కింద లేదు. దాదాపు నడిమికి వచ్చింది. కింద నుంచి అక్కడిదాకా, చెరిపినా పోని పాత వలయాల మసక గుర్తులు, ఒకదాని మీద ఒకటి, వేలెడు వేలెడు ఎడంతో మెట్లలా పైకి ఎక్కాయి. పక్కన పెన్సిలుతో నెలలు. మొదటిది రెండేళ్ళ కిందటి నవంబరు. లియాన్ సూదుల డాక్టరు దగ్గరికి పోవడం మొదలుపెట్టిన నెల.

"ఇదేమిటి మేస్త్రీ?"

"చెక్క."

"ఈ గీతలు?"

"మీ ఆయన చెయ్యి," అన్నాడు.

ఆమె సుత్తిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. ఏం చెయ్యాలో తోచనప్పుడు కార్యదర్శులు చేతిలోని వస్తువుల్ని అటూ ఇటూ మార్చుకుంటారు.

"నాకు చెప్పొచ్చు గదా?"

"చెబితే మీరు కమిటీలో పెడతారు. నా ఫొటో బోర్డు మీద ఎక్కిస్తారు. లియాన్ అది చూస్తాడు. మళ్ళీ గడప దాటడు." మేస్త్రీ బంతిని జేబులో వేసుకున్నాడు. "ఆయన నన్ను ఉద్ధరిస్తున్నాననుకుంటున్నాడు. అనుకోనివ్వండి. ఆ ఊపులో చెయ్యి లేస్తోంది."

"ఆదివారం కప్పు... ఆ ఫెయ్..."

"కొట్టబోయాను. ఒట్టు. చెయ్యి వినలేదు. రెండేళ్ళు మనిషి బ్యాటు ఎక్కడుంటే అక్కడికే పొమ్మని దానికి నేర్పాను. ఒక్క రోజుకు మానెయ్యమంటే ఎలా మానేస్తుంది?"

"రెండేళ్ళు సరే. అంతకు ముందు తొమ్మిదేళ్ళు ఎవరి కోసం ఆడావు?"

"నా కోసం," అన్నాడు మేస్త్రీ, ఆమె తెలివితక్కువకు విసుక్కుంటూ. "నాకు మనుషులు పడరు."

అప్పుడే కిటికీ గట్టు మీద ఆమె చూపు పడింది. పేపరు పొట్లం, దాంట్లో ఐదు బాతుగుడ్లు, పక్కన ఒక గుడ్డు పెంకులు.

"ఇవి డాక్టరుకు పంపిన గుడ్లు!"

"తీసుకోకపోతే లియాన్ వాటిని తిరిగి ఇంటికి తేవాలి, మీకు అనుమానం. పైగా, బాగుంటాయి." మేస్త్రీ నిజాయితీ గల మనిషి, అక్కడితో ఆగలేడు. "ఈ మధ్య ఉప్పు కొంచెం ఎక్కువవుతోంది."

రెండేళ్ళ రహస్యాన్ని మన్నించవచ్చు. పోయిన కప్పును మన్నించవచ్చు. ఊరగుడ్ల మీద తీర్పు చెప్పడం మాత్రం క్వాంగ్ యూఫెన్ మన్నించలేదు. సుత్తిని అక్కడే పెట్టి, తలుపు ధడాలున వేసి వచ్చేసింది.

సాయంత్రం భోజనానికి ఆమె తామరదుంప వేయించి పెట్టింది. లియాన్ దహాయ్ రెండు ముద్దలు తిని, గొంతు సవరించుకున్నాడు.

"యూఫెన్, ఆ గెంగ్ చెక్కని కొలిమిలో వేస్తున్నావట."

"ఎవరు చెప్పారు?"

"సందులో ఎవరో అనుకుంటున్నారు." ఆయన గిన్నెలోకి చూస్తూ మాట్లాడాడు. "వాడొట్టి పిచ్చివాడు. వాణ్ణి ఏం చేస్తే ఏం వస్తుంది? వదిలెయ్యరాదూ."

"పందెం పందెమే ముసలాయనా. కమిటీ తీర్మానం ఉంది: చెక్కను ఆటలగది నుంచి తొలగించాలి. రేపు తొలగిస్తున్నా. ఆ చోట్లో రెండో టేబుల్ వస్తుంది."

లియాన్ చాప్‌స్టిక్స్ కింద పెట్టాడు.

"తొలగించి ఎక్కడ పెట్టాలో మాత్రం తీర్మానంలో రాయలేదు," అంది ఆమె, తనే ఇంకో ముక్క వడ్డిస్తూ. "బేసిన్లు ఆరబెట్టే పాత షెడ్డు ఖాళీగా పడి ఉంది. అందులో పెట్టిస్తా. ఆటలగదికి రెండూ కొత్తవే వస్తాయి కనక, పాత టేబుల్ కూడా అక్కడికే. లోపలి గడియ గట్టిది."

లియాన్ మళ్ళీ తినడం మొదలుపెట్టాడు. ఈసారి వేగంగా.

"కాని ఒకటి," అంది ఆమె. "ఆ మనిషిని మళ్ళీ జట్టులో రాయను. వాడికి ఆట చేతకాదు. దద్దమ్మ."

"చేతకాకపోవడమేమిటి?" లియాన్ దెబ్బ తిన్నట్టు తలెత్తాడు. "తెలియనివాళ్ళు అలాగే అంటారు! వారం వారం నా దగ్గర పందొమ్మిది పాయింట్లు తీసుకుంటున్నాడు! ఈ ఊళ్ళో ఇంకెవడన్నా తీసుకోగలడా?"

బయట నది మీద పడవ కూత ఒకటి వేసి పోయింది.

"ఎవరి దగ్గర?" అంది క్వాంగ్ యూఫెన్.

"డాక్టరు దగ్గర," అన్నాడు లియాన్. "సూదుల డాక్టరు. ఆయనా ఆడతాడు."

"ఓహో. బాగా ఆడతాడా?"

"ఈ ఊళ్ళో ఆయన్ని మించినవాడు లేడు," అన్నాడు లియాన్ దహాయ్, ఏ మాత్రం సిగ్గుపడకుండా.

ఆమె గిన్నెలు తీసుకుని లేచి, మొహం పొయ్యి వైపు తిప్పుకుంది. "అంత మంచి ఆటగాడైతే వచ్చే ఏడు కప్పుకు మన జట్టులో ఆడతాడేమో అడిగి చూడు. జాబితాలో ఒక గడి ఖాళీ ఉంచుతా."

లియాన్ కుడిచేతిని బల్ల మీద పెట్టుకుని, అది ఎవరిదో అయినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అడుగుతా," అన్నాడు చివరికి. "ఒప్పుకోవచ్చు. కాని ఆయన ఒక షరతు పెడతాడు. ప్రాక్టీసు మాత్రం గెంగ్‌తోనే అంటాడు. పాపం, వాడికి ఇంకెవరున్నారు?"